పెళ్లిళ్ల భవనం కూల్చమన్న ఒటీలీ

జర్మనీలో వేసర్ నది ఒడ్డునున్న ఒక ఊళ్లో, సంత జరిగే చోట, పెళ్లిళ్ల భవనం ఉండేది. ఇంట్లో విందు పెట్టుకునేంత చోటు లేని వాళ్ల కోసం ఎప్పుడో ఐదొందల ఏళ్ల కిందట నగరసభ కట్టించింది. కింద తూనికల గది, రొట్టెల కొట్లు. పైన నాట్యానికి పొడవాటి హాలు. నడుమ కొన్నాళ్లు ధాన్యం కొట్టుగా, కొన్నాళ్లు సైనికుల విడిదిగా ఉండి, మళ్లీ పెళ్లిళ్లకే వచ్చింది. దాని ఏటవాలు కప్పుకి పలకరాళ్లు వేయడం రాబె ఇంటివాళ్ల పని. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కోన్‌రాట్.

కోన్‌రాట్, ఒటీలీల పెళ్లి ఆ హాల్లోనే అయింది. చేపలమ్మే వాల్‌బుర్గ్ పెళ్లికూతురి చెంప గిల్లి, "చూస్కోవే పిల్లా! నీ మొగుడికి ఆ కప్పే పెద్ద పెళ్లాం. నువ్వు రెండోదానివి," అంది.

"అయితేనేం అక్కా, అన్నానికి నా దగ్గరికే కదా రావాలి!" అంది ఒటీలీ. అందరూ పగలబడి నవ్వారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగియబోయే ముందు ఊరి మీద బాంబులు పడ్డాయి. భవనం కప్పు కాలి కూలిపోయింది, గోడలు నిలిచాయి. రాబె వాళ్ల ఇల్లయితే గోడలతో సహా పోయింది. యుద్ధంలో శత్రువులకి పట్టుబడ్డ కోన్‌రాట్ ఖైదు నుంచి తిరిగొచ్చేసరికి ఒటీలీ ఒక బడిలో, దుప్పట్లు అడ్డం కట్టిన మూలలో ఉంటోంది. అక్కడే హెర్టా పుట్టింది. తేమకి ఆ పిల్లకి దగ్గు పట్టుకుంది.

కొన్నేళ్లకి నగరసభ జనాన్ని పిలిచింది. గోడల మీద మళ్లీ కప్పు వేయాలా, లేక కూల్చేసి అక్కడ ఇళ్లు కట్టాలా అన్నది ప్రశ్న. భవనాన్ని నిలపాలని ఒకాయన చాలాసేపు చెప్పాడు. చంకలో పిల్లతో ఒటీలీ లేచింది.

"మీరు చెప్పిందంతా నిజమే బాబూ. నా పెళ్లీ అక్కడే అయింది. కానీ నా పిల్ల పడుకున్న చోట గోడ లేదు, దుప్పటి ఉంది. ముందు కప్పు ఎవరికేస్తారు? రాళ్లకా, మనుషులకా?"

సభంతా చప్పట్లు. పక్కన కోన్‌రాట్ ఒళ్లోని టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దారిలో, "బాగా మాట్లాడావు," అని మాత్రం అన్నాడు. తను లేచి మాట్లాడబోతున్నట్టు ఒటీలీ అతనికి ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు.

వసంతంలో గోడలు పడగొట్టారు. అదే చోట లేచిన ఇళ్లలో వాళ్లకి రెండు గదులొచ్చాయి. హెర్టా దగ్గు తగ్గింది. కొత్త ఇళ్లకి చదును కప్పులు, వాటికి తారు పూత. పలకరాళ్ల పని అడిగేవాడు లేక కోన్‌రాట్ తివాచీల ఫ్యాక్టరీలో మూటలు మోసే పనికి కుదిరాడు. ఎవరి పెళ్లికి పిలిచినా నాట్యానికి మాత్రం లేచేవాడు కాదు. మోకాలు నొప్పి అనేవాడు. బొగ్గు బకెట్‌తో మెట్లన్నీ ఎక్కే మనిషికి ఆ నొప్పేమిటో ఒటీలీకి తెలుసు. అడగాలని నోటి దాకా వచ్చేది. పొయ్యి మీద బంగాళదుంపలు పొంగేవి, ఆ మాట అక్కడితో ఆగేది.

ముప్ఫై ఏళ్లు అలాగే గడిచాయి. జబ్బుపడ్డ కోన్‌రాట్ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఒటీలీ చివరికి అడిగింది.

"ఆ రోజు సభలో నేను లేచినందుకు నా మీద కోపమొచ్చిందా?"

"కోపం కాదు ఒటీ. ముందుగా నాతో ఒక్క మాట అనుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిసి లేచేవాళ్లం."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం మరి, మహానుభావా?"

"నువ్వు అడగలేదుగా."

ఆ వారంలోనే అతను పోయాడు.

తర్వాత కొందరు యువకులు భవనం ముందు గోడనైనా పాత రూపంలో మళ్లీ కడదామని సంతకాలకి వచ్చారు. ఒటీలీ వాళ్లకి కాఫీ, ప్లమ్ పళ్ల కేకు పెట్టింది. సంతకం మాత్రం పెట్టలేదు.

"పెట్టమ్మా, నాన్న సంతోషిస్తాడు," అంది హెర్టా.

"మీ నాన్నని అడక్కుండా ఒకసారి మాట్లాడాను. మళ్లీనా?"

ఆ గోడ లేవలేదు. ఒటీలీ ఆ రెండు గదుల్లోనే ఇంకా చాలా ఏళ్లు బతికింది. కింది వాటాలో మొగుడూ పెళ్లాలు అరుచుకుంటుంటే, చేతిసంచీతో మెట్ల మీద ఆగి వినేది. వాళ్లని చూస్తే ఆమెకి అసూయగా ఉండేది.