బాపు జావ గిన్నె

హైదరాబాదులో గొంతు క్యాన్సరుకు రేడియేషన్‌ కరెంటు పెట్టించుకుని బోధన్‌ వచ్చాక మా బాపుకు నోరంతా పుండ్లు. రుచి తెలిసేది కాదు. తినకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. చక్కెర ఫ్యాక్టరీ డ్యూటీ దిగి నేనే పెసరపప్పు జావ కాచేవాణ్ని.

ఒకరోజు రెండు గుక్కలు తాగి, గిన్నె నాకిచ్చాడు. "ఉప్పెక్కువైతే మండుతది. జర నోట్లె ఏసుకొని సూడు బిడ్డా."

అంటురోగం కాదని తెలిసినా భయపడ్డాను. నోట పెట్టకుండానే "మంచిగనే ఉంది" అన్నాను. బాపు నా మొహం చూసి గిన్నె పక్కన పెట్టేశాడు. మర్నాడు సాయంత్రం దాకా పాలు కూడా ముట్టలేదు.

ఆ సాయంత్రం మళ్లీ జావ కాచి ఇచ్చి, ఆయన ఒక్క గుక్క తాగి వదిలేసిన గిన్నెలోంచే నేనూ తాగాను.

"ఉప్పు తక్కువైంది, బాపూ."

"నీ వంటల ఎన్నడు సరిగున్నదిరా?" అంటూ గిన్నె అందుకున్నాడు.