మా ముసలాయన నడకకు నేనే అడ్డం

నేను చెబుతున్నాను, పక్కింటి టీచరమ్మ రాస్తోంది. దీన్ని మన తెలుగు సంఘం గోడ మీద అంటించండి. మన క్యాంప్ రెండు కాలనీలో అందరూ చదవాలి.

ఈ రోజు మధ్యాహ్నం ఒక నర్సమ్మ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చూపులేనివాళ్ళు బయట నడవకుండా ఏది ఎంత అడ్డుపడుతోందో కొలుస్తున్నారట. ఒక్కో అడ్డానికి ఐదు దాకా మార్కులట. రెండేళ్ళ క్రితం చూపు పోయిన మా ఆయన్ని, గుంతలా, కుక్కలా, భయమా అని అడిగింది.

“అయ్యేటీ కావు తల్లీ. మా ముసిల్దే అడ్డం. అది బయటికెల్తే నన్ను లోపలెట్టి తాళమేసేస్తాది. దానికి ఐదూ ఏసెయ్” అన్నాడు.

“నిజమేనా అమ్మా?” అంది నర్సమ్మ నాతో.

“నిజమే. కళ్ళున్న నలభయ్యేళ్ళూ ఈయన నన్ను గుమ్మం దాటనిచ్చాడేటి? రైల్వే డ్యూటీకెల్తూ తాళమేసేవోడు. అప్పుడు కాయితం పట్టుకుని ఒక్కరూ రాలేదేటి?” అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన మెల్లగా, “కొళాయి దాకా తీసుకెల్తావేటే?” అని అడిగాడు. నలభై ఏళ్ళు ఆయన నాకు చెప్పిన జవాబే చెప్పాను.

“రేపు సూద్దాం.”

నాకు హాయిగా ఉంది. తప్పనేవాళ్ళు మా ఇంటికి వచ్చి, నా ముందు అనండి.