లుకిచ్‌కి వెనకవైపు చాలు

యెవ్సేయ్ లుకిచ్‌కి ఈ లోకంలో దేని ముందువైపుతోనూ పనిలేదు. పతకం చేతికిస్తే వెనక్కి తిప్పుతాడు. సరే, పతకాల పరిశోధకుడు; వెనక నంబరుంటుంది, ఆ నంబరు పట్టుకునే అది రెండో ప్రపంచయుద్ధంలో ఏ సైనికుడికిచ్చారో తేలుస్తాడు; తిప్పుకోనివ్వండి. కానీ గడియారమిచ్చినా తిప్పుతాడు, దుప్పటిచ్చినా తిప్పుతాడు. మేనకోడలి పెళ్ళివిందులో పళ్ళెం అడుగున ఏ కార్ఖానా ముద్ర ఉందో చూడబోయి, సలాడంతా వియ్యపురాలి ఒళ్ళో బోర్లించాడు. పైగా, "కంగారుపడకమ్మా, పళ్ళెం అసలుదే," అని ఆవిడకు ధైర్యం చెప్పాడు.

ముప్ఫై ఏళ్ళు సంతలో తూకాలు తనిఖీ చేసిన ఉద్యోగం. అడుగున తొలిచేసిన రాళ్ళతో తూచే వర్తకులను చూసీ చూసీ అలా అయిపోయాడు. "ముందువైపు ఎవడైనా నవ్వుతాడు," అంటాడు.

రష్యాలో కామా నది ఒడ్డున ఆ చిన్న ఊరి మ్యూజియంలో ఉన్నవి రెండు గదులు, ఒక ఎండిన స్టర్జన్ చేప, వీటన్నిటికీ అధికారిణి తైసియా. పింఛను మొదలైనప్పటినుంచీ లుకిచ్ రోజూ అక్కడే టీ తాగుతాడు. తాగేముందు కప్పెత్తి అడుగు చూస్తాడు.

"నిన్నటినుంచి ముద్ర మారిందేమోనా?" అంటుంది తైసియా.

"మీ కప్పు కదా, చెప్పలేం."

పతకం తెచ్చినవాళ్ళకు ఫలితం చిన్న అట్టముక్క మీద రాసిస్తాడు. ఫలితమంటే అర వాక్యం. ఇస్తూ "తిప్పి చూడండి" అంటాడు. చాదస్తంలే అని ఎవరూ పట్టించుకోరు. ఉపమేయర్ గ్లేబ్ తన తాతగారి పెద్ద పతకమని 'రహస్య ఆర్డరు' ఒకటి పెట్టుకుని, ఆ యుద్ధం గెలిచినందుకు జరిపే ప్రతి విజయదినానికీ ఊరేగింపు ముందు నడిచేవాడు. లుకిచ్ ఒకసారి అతని ఛాతీమీదే దాన్ని తిప్పేశాడు. నెల తర్వాత అట్ట వచ్చింది: "ఆర్డరు కాదు. రక్తదాత బిళ్ళ." గ్లేబ్ అట్టను సొరుగులోకి విసిరి, ఐదేళ్ళు లుకిచ్‌తో మాట్లాడలేదు.

ఆ ఏడు విజయదినానికి 'మన ఊరి వేగులు' అని ప్రదర్శన పెట్టాలని గ్లేబ్‌కు బుద్ధిపుట్టింది. నడిమధ్య ఫొటో నికీఫోర్ వ్యూష్కోవ్‌ది. ఆయన శత్రువుల వెనక చేరి పెద్ద పెద్ద సేనానులను మూటగట్టి తెచ్చాడని కూతురు కపితొలీనా ఊరందరికీ ఏటా చెబుతూనే ఉంది. ఏటా ఒక సేనాని పెరిగేవాడు.

"ఫొటో చాలదవ్వా, పతకం కావాలి," అన్నాడు గ్లేబ్.

ఆవిడ నసుగుతూ చేతిరుమాల్లో ఒక బిళ్ళ తెచ్చింది. ముందంతా దట్టంగా ఎర్రటి గోళ్ళరంగు. "సైనిక రహస్యం. అందుకే పూశారు," అంది.

లుకిచ్ ముందువైపు చూడనేలేదు. తిప్పాడు. "నంబరు లేదు."

"లేకపోతే పోయింది లుకిచ్. ఉన్నదున్నట్టు పెట్టేయరాదూ?"

"పరిశోధించాలి, కపితొలీనా నికీఫొరొవ్నా," అని జేబులో వేసుకున్నాడు.

ఆవిడ ముఖం రుమాలుకంటే తెల్లబోయింది. ఆనాటినుంచీ వారానికోసారి వచ్చి, "తేలిందా?" అని అడిగేది. తేలలేదంటే ప్రాణం లేచొచ్చినట్టు వెళ్ళేది. తైసియా చూడలేకపోయింది.

"ఎనభై ఏళ్ళ మనిషి. ఆవిడకున్నది ఆ ఒక్క తండ్రి, ఆ ఒక్క గొప్ప. వదిలేస్తే మీకేం పోతుంది?"

"నంబరు."

"లేదన్నారుగా!"

"అదే మరి, పోయింది."

విజయదినం పొద్దున జనం గుమిగూడాక వచ్చాడు మహానుభావుడు. ఆవిడ చేతిలో బిళ్ళ పెట్టి, "తిప్పి చూడండి," అంటూ అట్టముక్క అందించాడు. మధ్యలో గ్లేబ్ లాక్కుని పైకే చదివాడు: "వేగు కాదు. రొట్టెలు కాల్చేవాడు. బిళ్ళ: 'ఉత్తమ రొట్టె పనివాడు'."

ఎవరో కిసుక్కున నవ్వారు. కపితొలీనా చేప కింద బల్లమీద కూలబడింది.

"నాకు తెలుసు," అంది నేలకేసి చూస్తూ. "పదేళ్ళప్పుడు రంగు పూసింది నేనే. బళ్ళో అందరి నాన్నలూ కోటలు పట్టారట, మా నాన్న పిండి పట్టాడట. రోజూ ఏడిపించేవాళ్ళు."

"ఫొటో దించండి," అన్నాడు గ్లేబ్.

"తిప్పి చూడండి," అన్నాడు లుకిచ్.

"ఇంకా ఏం తిప్పాలయ్యా! ఆవిడ పరువంతా తిప్పేశారుగా!" తైసియా చింపేద్దామని అట్ట లాక్కుంది. అది చేతిలో తిరగబడింది. వెనకంతా చీమల బారు లాంటి రాత. ఆవిడ పైకి చదివింది.

"గుమాస్తాలు వ్యూష్కోవ్‌ను ఒకచోట విష్కోవ్ అనీ ఒకచోట యూష్కోవ్ అనీ రాసి ముగ్గురు మనుషుల్ని చేశారు. పదిహేడు ఉత్తరాల తర్వాత ముగ్గురూ ఒకడే అని తేలింది; బిళ్ళ పేరూ ఆ కాగితాల్లోనే దొరికింది. శత్రువు చుట్టుముట్టిన దళానికి రొట్టెలు తీసుకుపోతుండగా గుర్రం చచ్చింది. మంచుబండిని తనే లాక్కెళ్ళాడు, కాల్పుల్లో, ఆరు కిలోమీటర్లు. 'ధైర్యానికి' పతకం మంజూరైంది. రొట్టెలవాడికి ఇది చాలా అరుదు. యూష్కోవ్ పేరున ఉన్నందువల్ల ఆయనకు చేరలేదు. కూతురికి పత్రం పంపమని అధికారులకు రాశాను. గోళ్ళరంగు గీకలేదు, అది ఆవిడ ఇష్టం. ఆ పతకం నంబరు ఇంకా వెతుకుతున్నాను."



"లుకిచ్, నా అట్టకూ వెనకవైపు ఉందా?" గ్లేబ్ గొంతు సన్నగా వచ్చింది.

"అట్టన్నాక రెండు వైపులుంటాయి. తూకాల ఆఫీసులో తీర్పు ముందు, వివరం వెనక."

"మరి చెప్పరేం?"

"ప్రతివాడికీ ఇంకేం చెబుతున్నాను?"

ఆ ఏడు ఊరేగింపు గంటన్నర ఆలస్యమైంది. సగం ఊరు ఇళ్ళకు పరుగెత్తి సొరుగులు వెతుక్కుంది. గ్లేబ్ చివర్న వచ్చాడు, రక్తదాత బిళ్ళ పెట్టుకుని. అతని అట్ట వెనక రాసిందాన్నిబట్టి, యుద్ధంలో గాయపడి చేరిన ఆస్పత్రిలోనే వాళ్ళ తాత గాయం మానాక పనిచేస్తూ, పక్కమంచాలవాళ్ళకు పదకొండుసార్లు రక్తమిచ్చాడట. మనవడు అన్నేళ్ళూ ఛాతీ ఎందుకు విరుచుకున్నాడో ఆనాటికి తెలిసింది.

మర్నాడు కపితొలీనా నల్లరొట్టె కాల్చి మ్యూజియానికి తెచ్చింది. గుండెలమీద బిళ్ళ, దానికి గోళ్ళరంగు లేదు. లుకిచ్ రొట్టె అందుకుని తిప్పాడు. అడుగున వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"దానికీ నంబరుంటుందా?" అంది తైసియా.

"ఆగమ్మా," కపితొలీనా నవ్వింది. "మా నాన్నా అలాగే తిప్పి, కొట్టి, వినేవాడు. నాకు ఆయన్ది గుర్తున్నదే అదొక్కటి."

లుకిచ్ కాసేపు విన్నాడు. "అడుగు మాడింది," అన్నాడు.

"నీ మొహం! పైవైపు తిను!"

యెవ్సేయ్ లుకిచ్ జీవితంలో మొదటిసారి, ముందువైపునుంచి తినడం మొదలుపెట్టాడు.