పాలపిట్టకు పాస్‌పోర్టు

ఈ దసరా నాడు పొద్దున్నే, నేనింకా పళ్లు తోముకోకముందే, ఫోను కుయ్‌మంది. తీసి చూస్తే సింగపూరు నుంచి మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి మొగుడు, ఒక ఫొటో పంపాడు. వెనక మెడ విరిగేంత ఎత్తు అద్దాల మేడలు, ముందు ఒక ఇనుప కమ్మీ, దాని మీద నీలం రెక్కల పిట్ట ఒకటి. కింద ఆయనగారి రాత: “పాలపిట్ట. ఈసారి గూడ నేనే ముందుగాల చూసిన.”

నాకు ఒళ్లు మండిన మంట సంగతి తెలిస్తే పాల్వంచ కరెంటు ప్లాంటువాళ్లు బొగ్గు మానేసి నన్నే మోసుకుపోయి పొయ్యిలో పెట్టుకునేవాళ్లు.

దసరాకు పాలపిట్ట అంటే ఏమిటో నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరి పొలిమేర దాటి వెళ్లి ఆ పిట్టను కళ్లారా చూసి, జమ్మి చెట్టుకు మొక్కి, ఆకులు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి, తోటివాళ్లను అలాయ్ బలాయ్ అంటూ కావలించుకుంటేనే మనకు పండుగ అయినట్టు. నేను కొత్త అల్లుడినై పాల్వంచలో చేసుకున్న మొదటి దసరాకు మా మామగారు, ప్లాంటులో షిఫ్టులు చేసీ చేసీ పగలుకూ రాత్రికీ తేడా మరిచిపోయిన మనిషి, అల్లుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని కిన్నెరసాని వైపు వాగు గట్టుకు తీసుకెళ్లాడు. కరెంటు తీగ మీద ఏదో నీలంగా మెరిసింది. మా తోడల్లుడు అడవిలో నిద్రపోతున్న ఎలుగుబంట్లన్నీ లేచి కూర్చునేంత గట్టిగా “అగో పాలపిట్ట!” అని అరిచాడు. నేను చూశాను కదా, ముక్కు గునపమంత ఉంది, నీళ్లలోకి చూస్తూ చేప కోసం కాచుక్కూర్చుంది. అది శుద్ధమైన లకుముకి పిట్ట.

“అన్నా, అది లకుముకి. చేపలు తింటది,” అన్నాను వినయంగా.

“ఆఫీసుల ఫైళ్లు తినెటోనివి, నీకేం ఎరుక తమ్మీ పిట్టల సంగతి?” అన్నాడు.

అంతే. రాజ్యాలు పుట్టి గిట్టినా తెగని యుద్ధం ఆ తీగ కింద మొదలైంది. ఖమ్మంలో, ఖానాపురం హవేలి పేటలో మేము ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి ఆయన రాలేదు, బోనకల్‌లో వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షనుకు నేను వెళ్లలేదు. రైల్లో వెళుతుంటే బోనకల్ స్టేషను రాగానే కిటికీ షట్టరు దించేసేవాణ్ని. ఆ ఊరి గాలి తగిలితే ఎక్కడ ఆయన పిట్టల జ్ఞానం అంటుకుంటుందోనని నా భయం. మధ్యలో నలిగిపోయింది అక్కచెల్లెళ్లిద్దరే. ఒకరి గడప ఒకరు తొక్కలేక ఫోన్లలో గుసగుసలాడుకునేవాళ్లు, మేము దగ్గితే పెట్టేసేవాళ్లు.

చివరికి మామగారే ఒక శాసనం చేశాడు. “ఏడాదంత తన్నుకోండ్రి, నాకేంది. దసరా నాడు మాత్రం నా ముంగట జమ్మి పెట్టుకొని అలాయ్ బలాయ్ తీస్కోవాలె. ఏ ఏడన్న తప్పిండ్రా, మీ ఇద్దరి రాకపోకలు గంతటితోటి బంద్. నా బిడ్డలు నా ఇంటికి వస్తరు, మీరు రావద్దు.” అలా రెండు ఇళ్ల చుట్టరికం మొత్తం ఏడాదికొక్క కౌగిలి మీద నిలబడింది. అది తెగితే అక్కచెల్లెళ్ల ఇళ్ల మధ్య ఇంకేమీ మిగలదని వాళ్లిద్దరికీ తెలుసు. అందుకే మేము కావలించుకుంటున్నప్పుడు వాళ్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. కావలించుకోవడమంటే మామూలుగా ఊహించుకోకండి. మా తోడల్లుడివి మిర్చి బస్తాలు ఎత్తి ఎత్తి పెరిగిన చేతులు. ఆయన ఒక్క నొక్కు నొక్కాడంటే నా పక్కటెముకలు సన్నాయి వాయించేవి. నేనూ ఊరుకున్నవాణ్ని కాదు, చొక్కా జేబులో రెండు పెన్నులు మొనలు పైకి పెట్టుకుని వెళ్లేవాణ్ని.

ఇలా ఎన్నాళ్లు అనిపించి, ఒక ఏడాది దసరా సెలవులకు అసలు దేశమే దాటిపోదామని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం నా వంశంలో ఎవరూ చేసింది కాదు. మా చిన్నప్పుడు విదేశమంటే భద్రాచలం దగ్గర గోదావరి వంతెనకు అవతలి ఒడ్డు. మా నాయనమ్మ ఆ వంతెన దాటవలసి వస్తే ముందురోజు నుంచే ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చేది, బస్సు వంతెన మీదికి రాగానే కళ్లు మూసుకుని, అవతల దిగాక గాలి వాసన చూసి, ఇక్కడి మనుషులు మన తీరే ఉన్నారే అని ఆశ్చర్యపోయేది. ఆమె మనవణ్నైన నేను సింగపూరు పోతానన్నానంటే నా కడుపుమంట ఎంతటిదో మీరే లెక్కగట్టుకోండి.

ఇంట్లో చెబితే మా ఆవిడ ఒక్కటే అడిగింది, “మరి అక్క?” అని. అక్కకు ఫొటోలు పంపుదువులే అన్నాను. ఆ వారమంతా కూరల్లో ఉప్పు మా ఇంటి నుంచి వలసపోయింది. ఎనిమిదో రోజున ఉప్పు తిరిగొచ్చింది, ఆవిడ “సరే, పోదాం తీయి” అంది. అంత తేలిగ్గా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. పైగా ఖమ్మంలో ఫలానా భాయ్ దగ్గరే టికెట్లు తీయాలని కూడా తనే చెప్పింది. తాతల నాటి అత్తరు దుకాణం మీద మేడ గదిలో టూర్లు నడిపే పెద్దమనిషి ఆయన. మెట్లెక్కుతుంటే కింది అత్తరు ముక్కుకు కొట్టి, అప్పుడే విమానం ఎక్కినంత మత్తుగా ఉండేది.

ప్రయాణమయ్యేవాళ్లందరినీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడతానని భాయ్ కబురుపెట్టాడు. మేము వెళ్లి తలుపు తీశాం. ఫ్యాను కింద, ఆ గదిలోకెల్లా మంచి కుర్చీలో, సింగపూరు బొమ్మల పుస్తకం తిరగేస్తూ మా తోడల్లుడు! నన్ను తప్పించుకోవడానికి ఆయన కూడా అదే పండక్కి, అదే దేశానికి, అదే టూరులో బయల్దేరాడు. పక్కన మా వదినగారు. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసి ఆశ్చర్యం నటించిన తీరుకు నాటకాలవాళ్లయితే శాలువా కప్పేవాళ్లు.

“నువ్వెందుకొచ్చినవు తమ్మీ ఇక్కడికి?”

“నేను ముందుగాల పేరు రాయించుకున్న. నువ్వే వాపసు పో అన్నా.”

“నేనా? ఊళ్ల అందరికి చెప్పిన. ఇప్పుడు పోకుంటె నా ఇజ్జత్ ఉంటదా?”

వెనక్కి తగ్గితే ఓడిపోయినట్టే కదా. కిటికీ సీటు నాదంటే నాదని మొదలుపెట్టి, సముద్రం ముందు ఎవరు చూడాలన్నదాకా వచ్చాం. మామగారి తరఫున వదినగారు అడిగింది, దసరా ఆ మధ్యలోనే వస్తుంది కాబట్టి జమ్మి కొమ్మ పెట్టెలో తెచ్చుకోవచ్చా అని. భాయ్ చెవులు పట్టుకున్నాడు. “అమ్మో, ఆకు గీకు అక్కడ దిగనియ్యరు బహెన్. జుర్మానా ఏస్తరు.” ఆకు లేదంటే కౌగిలి లేదు! ఆ క్షణాన ఆ దేశపు చట్టాల మీద నాకు పుట్టిన భక్తి అంతా ఇంతా కాదు. తోడల్లుడి మొహం కూడా వెలిగిపోవడం చూసి, ఆ ఒక్క నిమిషం ఆయన మీద నాకు ఇష్టంలాంటిదేదో కలిగిందని చెప్పక తప్పదు.

అప్పుడు భాయ్ గదుల సంగతి ఎత్తాడు, ఒక్కో గదికి ఇద్దరేనని. మా ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని చల్లగా చెప్పింది: “నేను, అక్క ఒక రూముల ఉంటం. ఏడాదికి ఒక్కసారి కలుస్తం, ముచ్చట్లు చానా ఉన్నయ్. బావ, ఈయన ఇంకో రూముల ఉంటరు.”

తోడల్లుడు గొంతు సవరించుకుని మంచాలెన్ని అని అడిగాడు.

“ఒక్కటే సాబ్. దసరా గిరాకీ కదా, అన్ని డబుల్ బెడ్లే దొరికినయ్. పెద్ద మంచం, పరేషాన్ లేదు. దుప్పటి గూడ పెద్దదే.”

“క్యాన్సిల్!” అన్నాం ఇద్దరం. మా ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది జీవితంలో ఆ ఒక్కసారే. అక్కచెల్లెళ్లు మాత్రం కింద అత్తరు దుకాణం దాకా నవ్వుకుంటూ దిగారు.

ఆ దసరాకు మళ్లీ పాల్వంచే. మామగారు జమ్మి కొమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తోడల్లుడు నన్ను కావలించుకుని, ఎముకలు పలికేలా నొక్కి, చెవిలో “పాలపిట్టే” అన్నాడు. నేను “లకుముకి” అన్నాను. మామగారికి సరిగా వినపడక, అల్లుళ్లు ప్రేమగా ఏదో చెప్పుకుంటున్నారనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మామగారు ఇప్పుడు లేడు. అత్తగారు అంతకు ముందే పోయింది. పాల్వంచ ఇల్లు కిరాయికిచ్చాం. ఈ ఏడు దసరాకు ఎక్కడ కలవాలో చెప్పే మనిషి లేకపోయేసరికి, మా తోడల్లుడు, కూతురూ అల్లుడూ టూరుకు పోతూ రమ్మన్నారని, నాకొక్క మాటైనా చెప్పకుండా, నన్ను పోనివ్వని ఆ సింగపూరుకే చక్కా పోయాడు. మా వీధిలో కూడా సగం ఇళ్లకు తాళాలే; పండుగ పొద్దున షేర్ ఆటోల్లో మనుషులకంటే చక్రాల పెట్టెలే ఎక్కువ కనిపిస్తున్నాయి. మనమూ పోతే అయిపోయేది కదా డాడీ అంటుంది మా అమ్మాయి. దసరా ముందు సద్దుల నాడు మా ఆవిడ బతుకమ్మను ఒక్కతే పేర్చి, ఫోనులో అక్కకు చూపించింది. అక్క అక్కడ హోటలు గదిలోంచి చూసి, పూలు బాగున్నాయంది. ఆ తర్వాత ఇద్దరూ అక్కడి వానా ఇక్కడి ఎండా చెప్పుకున్నారు. మేము దగ్గినా ఫోను పెట్టేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు మరి.

సాయంత్రం నేనొక్కణ్నే స్కూటరు మీద వెళ్లి జమ్మి తెచ్చాను. పాలపిట్ట కనిపించలేదు, వెతికే ఓపికా లేకపోయింది. నేను చూశానంటే కాదనేవాడు పక్కన లేనప్పుడు చూసి ఏం లాభం? ఇంటికొచ్చి ఆ ఫొటోను వేళ్లతో లాగి పెద్దది చేశాను. ముక్కు గునపమంత ఉంది. “లకుముకి” అని కొట్టి పంపాను.

నిమిషంలో జవాబొచ్చింది: “వచ్చినంక చూస్కుందాం తమ్మీ. జమ్మి ఆకు దాచిపెట్టు.”

మా ఆవిడకు చూపించాను. ఆమె నేను తెచ్చిన జమ్మిలోంచి ఒక రెమ్మ తీసుకుని, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన పెట్టింది. రోజూ తలుపు తీసి చూస్తున్నాను, అంచులు ముడుచుకుంటున్నాయి. వాళ్లు వచ్చేసరికి ఎండిపోతుందేమో. పండుగ దాటాక, ఎండిన ఆకుతో, కౌగిలి చెల్లుతుందో లేదో చెప్పవలసిన పెద్దమనిషి ఇప్పుడు లేడు.