గుత్తాధిపత్యం మీద నా దండయాత్ర

ఒక ఆదివారం, తిన్న పలావు అరిగేలోపు, గుంటూరులో ఒక సంస్థను నిలువునా ముంచాను. శత్రువులది కాదు లెండి, మాదే!

నేను మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని. నేనూ, నా స్నేహితుడు మస్తాన్ వలీ కలిసి రైతుల కోసం ఫోనులో వాడే తెలుగు బ్రౌజర్ ఒకటి పెట్టాం. వాడేవాళ్ళకు పూర్తిగా ఉచితం. బుర్ర అతనిది, మీసం నాది. ఆ రోజు పేపర్లో చదివాను: లోకమంతా ఇంటర్నెట్లో వెతుకులాటకు వాడే మహా కంపెనీ ఒకటి, బ్రౌజర్లవాళ్ళకు డబ్బిచ్చి మరీ తన వెతుకుడు పెట్టెనే ముందు పెట్టించుకుంటోందట. ఇది గుత్తాధిపత్యమని కోర్టులో కేసట! మా బ్రౌజర్ తెరిచి చూద్దును కదా, అందులోనూ అదే పెట్టె. నా మాడు మీద ఎండుమిర్చి వేగింది.

మస్తాన్ వాడరేవులో పెళ్ళికి వెళ్ళాడు. ఆఫీసులో ఇంజనీరు లక్ష్మి ఉంది.

"ఆ పెట్టె పీకెయ్యమ్మా!"

"అయ్యో బాబాయ్ గారూ, మస్తాన్ గారిని ఒక్కమాట అడిగి..."

"నేను భాగస్థుణ్ణి కానా? ఎవరైనా చిన్న కంపెనీవాళ్ళది పెట్టు. న్యాయం గెలవాలి!"

గెలిచింది. మర్నాడు మిర్చి ధర వెతికిన రైతులకు మిరపకాయ బజ్జీ చేసే విధానం వచ్చింది.

మస్తాన్ పెళ్ళిబట్టల్లోనే ఊడిపడ్డాడు. "ఒరేయ్, నీ కొట్టుకొచ్చే రైతుకి ఉచితంగా భోజనం పెట్టి, మంచం ఎందుకేస్తావురా?"

"సరుకు నా కాటా మీదే దిగాలని. కమీషన్ రావద్దూ?"

"మరి ఉచిత బ్రౌజర్‌కి జీతాలు ఎక్కణ్ణించి వస్తున్నాయనుకున్నావ్? ఆ పెట్టె పెట్టినందుకు వాళ్ళిచ్చేదేరా! మనకున్న ఒకే ఒక్క రాబడి!"

నా నోరు లారీ వెనక తలుపులా తెరుచుకుంది. "పోనీ, వాళ్ళకీ దెబ్బ తగిలిందిగా?" అన్నాను ఆశగా.

"లేదండి బాబాయ్ గారూ," అంది లక్ష్మి. "బజ్జీలతో విసిగిపోయి, రైతులే సెట్టింగుల్లోకి వెళ్ళి పాత పెట్టె పెట్టేసుకుంటున్నారు."

"అంటే?"

"అంటే," అన్నాడు మస్తాన్, "నిన్నటిదాకా వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్న చోటు, ఇవాళ నువ్వు ఊరికే ఇచ్చేశావు!"

ఆ కంపెనీకి ఫోన్ చేశాం. "మళ్ళీ పెట్టేస్తామండీ!" అని బతిమాలాను.

"ఎందుకండీ శ్రమ?" అంది అవతలి గొంతు, తేనెలా. "మాకిలాగే బాగుంది."

ఆఫీసు అద్దె కట్టలేక, మా ఇంజనీర్లు ఇప్పుడు నా కొట్టులో రైతుల మంచాల మీద కూర్చుని పనిచేస్తున్నారు. భోజనం ఉచితం.

కాబట్టి నా కాటా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంతటి గుత్తాధిపత్యాన్నయినా కూలుస్తాను. కాకపోతే, మనకు జీతాలిచ్చేది వాళ్ళేనా అని ముందు మస్తాన్‌ను అడిగి, ఆ తరువాతే కూలుస్తాను.