కింద పెట్టిన కత్తి

అరటి గెలలు కోసే కత్తి కొందామని ఇవాళ మైదుకూరు వెళ్లాను. దుకాణదారు రెండు రకాలు ముందు పెట్టాడు. స్టెయిన్‌లెస్ స్టీలుదైతే తుప్పు పట్టదు గానీ, పదును పోతే మళ్లీ పెట్టడం కష్టమన్నాడు. కార్బన్ స్టీలుదైతే రాయి మీద కాసేపు రుద్దితే చాలు, కానీ తడి తుడవకపోతే తుప్పు పడుతుందన్నాడు. ఫోన్లో బోలెడు వీడియోలు చూసి వెళ్లి కూడా ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాను.

అప్పుడే మా అన్న వచ్చాడు. బోరు పైపులైను దగ్గర మాటా మాటా పెరిగి ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. నన్ను చూడనట్టే దుకాణదారుతో అన్నాడు:

"ఆ యప్పకు తుప్పు పట్టనిదే ఇయ్యప్పా. కత్తి తుడిచి పెట్టే అలవాటు చిన్నప్పట్నుంచీ లేదు."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "నువ్వే చూడన్నా" అంటూ కత్తి ఆయన చేతికివ్వబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కింద పెట్రా. కత్తి చేతికిస్తే కొట్లాట వస్తాదంటారు. మనకెందుకది?"

బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకుని, బొటనవేలితో అంచు చూసి, మళ్లీ బల్ల మీదే పెట్టాడు.

ఏడాదిగా మాట్లాడని మనిషి కొత్తగా కొట్లాట వస్తుందేమోనని భయపడ్డాడంటే, పాతది ఆయన లెక్కలో అయిపోయినట్టే కదా? మీరేమంటారో చెప్పండి.

తుప్పు పట్టనిదే కొన్నాను. అయినా ఇంటికొచ్చి, తోటలో ఒక గెల కోసి, కత్తి తుడిచే పెట్టాను.