నేరం దుమ్ము మీదే

బండలు కోసే ఊరు మా బేతంచెర్లలో ఏది చెడినా నేరం దుమ్ము మీదే. ఫ్యాను తిరగకపోతే దుమ్ము, గడియారం ఆగితే దుమ్ము, పిల్లలకు లెక్కల్లో మార్కులు తగ్గినా దుమ్మే. మా బావగారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఈ నమ్మకం మరీ ముదిరింది. ఆయన మా ఆయనకు అన్న, ఫ్యాక్టరీకి యజమాని. నేను అక్కడ నేల బండల డిజైన్లు గీసేదాన్ని. వంటగది దాటితే నాదంటూ ఉన్న చోటు ఆ కుర్చీ ఒక్కటే.

డిజైన్లన్నీ ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అది పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప తెరుచుకోదు. పాత కంప్యూటర్ కాలిపోయాక కర్నూలు నుంచి ఒక నిపుణుడు దిగాడు. కొత్త కంప్యూటర్‌లోనే, ఒక విండోలో ఆ పాత సిస్టమ్ నడిచేలా పెట్టి, "అయిపాయెనక్కా" అని వెళ్లిపోయాడు. మౌస్ బాణం బయట గుర్రంలా పరుగెత్తేది. ఆ విండోలోకి పోతే మాత్రం కదిలేది కాదు. ఫోన్ చేస్తే మహానుభావుడు ఎత్తడు.

బావగారు మౌస్‌ను తిరగేసి చూశారు. "దుమ్ము పట్టుకోనుండాది. కంప్రెసర్ గాలి కొట్టించమ్మా" అన్నారు. బండలను శుభ్రం చేసే గాలి గొట్టం పాపం ఆ మౌస్ మీద పెట్టారు. మూత ఎగిరి అవతల పడింది. కొత్త మౌస్ వచ్చింది, అదీ అంతే. దానికి గుడ్డ కప్పమని ఆజ్ఞ అయింది.

"బావా, దుమ్మైతే బయట మాత్రం ఎట్ల కదుల్తాది?" అన్నాను.

"చర్చి నేలకు బండలు అడిగినోళ్లు తొందర చేస్తాండారు. నీకు చాతకాకుంటే చెప్పు, కడపలో ఇంకొకర్ని చూసుకుంటా."

నిజంగానే భయమేసింది. ఆ కుర్చీ పోతే మళ్లీ పొద్దంతా పప్పు, చారే.

బయట పనిచేసే మౌస్‌లో లోపం లేదు కాబట్టి, లోపం విండోలోనే ఉండాలి. పాత సిస్టమ్‌ను ఆపి, దాని సెట్టింగులు ఒక్కొక్కటీ చదివాను. మౌస్ రకం అన్నచోట నిపుణుడు 'టాబ్లెట్' అని, పెన్నుతో గీసే కొత్తకాలపు పలక పేరు పెట్టి పోయాడు. ఆ ముసలి సిస్టమ్ పుట్టేనాటికి అలాంటిదొకటి ఉంటుందని ఎవరికి తెలుసు? పాతరకం మౌస్‌కు మార్చి మళ్లీ నడిపాను. బాణం కదిలింది. కదిలి, ఆ విండోలోనే చిక్కుకుంది. కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే బయటికొచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బావగారు చూసి తల పంకించారు. "చూస్తివా, గుడ్డ కప్పినాక బాగయింది" అన్నారు. వెనకే ఆయన అల్లుడు నిలబడి ఉన్నాడు. డిగ్రీ మీద డిగ్రీ ఉండి, సెల్‌ఫోన్ తప్ప మరో పనిముట్టు ముట్టని మనిషి.

"ఇంగ నువ్వు లెయ్యమ్మా. రేపట్నుంచి అల్లుడు కూర్చుంటాడు. యాడ ఏం నొక్కల్లో వానికి నేర్పించి, నువ్వు ఇంటికాడ ఉండు."

"నేర్పను బావా."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన చెప్పిన పని నేను చెయ్యననడం అదే మొదలు. అల్లుడు ఫోన్‌లో నుంచి తలెత్తాడు. నేను తీసివ్వాల్సిన చర్చి డిజైన్ కోసం బండలు కోసే మనిషి గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. బావగారు అతన్నీ, నన్నూ మార్చి మార్చి చూసి, అల్లుణ్ని వెంటబెట్టుకుని బయటికి పోయారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.